చుక్క లేని చోటు: ప్రిడ్జ్ బే మంచుకొండల మ్యాపులో నా తప్పు, దాన్ని దిద్దుకున్న తీరు

నేను శ్రీకాకుళంలో ఉంటాను. శాటిలైట్ చిత్రాలతో మ్యాపులు తయారు చేయడం నా పని. చెరువుల విస్తీర్ణం, జీడితోటల లెక్క, వరదొస్తే నీళ్ళు ఎంతమేర నిలిచాయో చూపించడం, ఎక్కువగా ఇవే. రాడార్ చిత్రం చదవడం నాకు అలవాటైంది కూడా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చాకే. మబ్బు కమ్మినప్పుడు మామూలు శాటిలైట్ ఫొటోలో మబ్బు తప్ప ఏమీ కనపడదు. రాడార్ మబ్బుని దాటి కిందికి చూస్తుంది. అప్పుడు వంశధార పక్క ఊళ్ళ మ్యాపు వేస్తే, నీళ్ళు నిలిచిన కొబ్బరి తోటలు కొన్ని పొడి నేలగా వచ్చాయి. రాడార్ తరంగం మట్టల దగ్గరే ఆగిపోయింది, కింద నీళ్ళ దాకా పోలేదు. ఆ సంగతి అప్పుడే సరిగ్గా బుర్రకెక్కి ఉంటే ఈ కేసులో నాకు మూడు వారాలు మిగిలేవి.

పని ఇది. అంటార్కిటికాలో ప్రిడ్జ్ బే అని ఒక పెద్ద అఖాతం ఉంది. దాని ఒడ్డున లార్సెమన్ హిల్స్ అనే రాతి గుట్టల్లో మన దేశపు భారతి పరిశోధన కేంద్రం 2012 నుంచి నడుస్తోంది. చైనా వాళ్ళ ఝాంగ్‌షాన్, రష్యా వాళ్ళ ప్రోగ్రెస్ కేంద్రాలూ ఆ చుట్టుపక్కలే. అక్కడి వేసవిలో, అంటే మనకి చలికాలంలో, బరువైన సరుకంతా ఓడ మీదే చేరాలి. నవంబరు నుంచి మార్చి దాకా ఆ నీళ్ళలో మంచుకొండలు ఎక్కడెక్కడ ఎంత దట్టంగా ఉన్నాయో మ్యాపు కావాలని ఒక కంపెనీ అడిగింది. ఒక్కో మంచుకొండకి ఒక చుక్క, పక్కన దాని వైశాల్యం. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. చుక్కల సంఖ్య కూడా వాళ్ళ సొత్తు కనుక రాయను. దారి మాత్రం పూర్తిగా చెప్తాను.

ఆ అఖాతం లోపలి చివర, నైరుతి వైపు అమెరీ మంచు పలక ఉంది. నేల మీది హిమనదాలు ముందుకు జారి సముద్రం మీదికి చాచుకున్న దిమ్మ అది. 2019 సెప్టెంబరు చివర్లో దాని అంచు నుంచి సుమారు 1,636 చదరపు కిలోమీటర్ల ముక్క ఒకటి విరిగింది. దానికి డి28 అని పేరు పెట్టారు. ఈ పేర్లు అమెరికాలోని నేషనల్ ఐస్ సెంటర్ ఇస్తుంది. అంటార్కిటికాని నాలుగు పావులుగా కోసి ఎ, బి, సి, డి అనుకుంటారు, పుట్టిన పావు అక్షరం, ఆ తర్వాత వరస నంబరు. అంత పెద్దవాటిని వెతకడానికి నాలాంటివాడు అక్కర్లేదు. పేరు లేనివాటితోనే తంటా.

డేటా సంగతి తొందరగా చెప్పేస్తాను. యూరప్ వాళ్ళ సెంటినెల్-1 రాడార్ చిత్రాలు అందరికీ ఉచితం. ప్రాసెసింగ్‌కి స్నాప్ అనే సాఫ్ట్‌వేరూ ఉచితమే. మిగతాదంతా మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేరు, కొంచెం పైథాన్ కోడు. ఒక్కో ఫైలు కొన్ని వందల ఎంబీ ఉంటుంది. మా ఇంటి నెట్‌కి రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పొద్దున్న చూసుకోవడమే. 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటరు స్నాప్ తెరవగానే మూలుగుతుంది. కరెంటు పోతే మొదటికొస్తాం.

ధ్రువాల దగ్గర ఈ ఉపగ్రహం ఎక్కువగా వెడల్పు మోడ్‌లో పనిచేస్తుంది. ఒకేసారి 400 కిలోమీటర్ల వెడల్పు, చిత్రంలో పిక్సెల్ 40 మీటర్లు. మన తీరం మీద తరంగాన్ని నిలువుగా పంపితే, అక్కడ అడ్డంగా పంపుతుంది. అడ్డంగా పంపి అడ్డంగా అందుకున్నదాన్ని హెచ్‌హెచ్ అంటాం, నిలువుగా అందుకున్నది హెచ్‌వీ. మంచుకొండల పనికి ఇది మంచిదే. అలల నుంచి వచ్చే మెరుపు నిలువు తరంగానికి ఎక్కువ, అడ్డ తరంగానికి తక్కువ. సముద్రం నల్లగా ఉంటేనే కదా తెల్ల చుక్క తెలిసేది.

మంచుకొండ ఎందుకు మెరుస్తుందంటే, తరంగం పొడవు అయిదున్నర సెంటీమీటర్లు. చల్లగా, పొడిగా ఉన్న మంచులోకి అది కొన్ని మీటర్లు దిగుతుంది. లోపల పొరలు, పగుళ్ళు, గట్టిపడిన పాత మంచు తగిలి అటూ ఇటూ చెదిరి వెనక్కి వస్తుంది. రాడార్ వైపున్న నిట్టనిలువు గోడ ఇంకా బాగా మెరుస్తుంది. పొడిగా ఉన్నప్పుడు అన్నాను, ఆ మాట గుర్తుంచుకోండి.

చుక్కలు పట్టే పద్ధతి కొత్తదేం కాదు. ఓడల్ని పట్టడానికి వాడేదే. ప్రతి పిక్సెల్‌నీ దాని చుట్టూ ఉన్న సముద్రంతో పోల్చాలి. మధ్యలో చిన్న కిటికీ, దాని చుట్టూ కొంత ఖాళీ, ఆ బయట పెద్ద చట్రం. చట్రంలోని నీళ్ళు ఎంత మెరుస్తున్నాయో చూసి, దానికంటే ఎంతో ఎక్కువ మెరిస్తేనే చుక్క. ఎంత ఎక్కువ అన్నది, ఎన్ని తప్పులు ఒప్పుకుంటావు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 400 కిలోమీటర్లు పొడవూ వెడల్పూ ఉన్న ముక్కలో 10,000 × 10,000, అంటే 10 కోట్ల పిక్సెళ్ళు. పది లక్షలకి ఒక్క తప్పు చాలు అనుకున్నా చిత్రానికి 100 తప్పు చుక్కలు. అదీ సముద్రం లెక్క ప్రకారం నడిస్తే. అది నడవదు.

మొదటి రన్ తెరిచి చూస్తే చుక్కలు కుప్పలు తెప్పలు. కొన్నిచోట్ల పొలానికి సరిహద్దు రాళ్ళు పాతినట్టు బారుగా ఉన్నాయి. మంచుకొండలు అలా క్యూ కట్టవు. ఆ మోడ్‌లో చిత్రం అయిదు పట్టీలుగా వస్తుంది, హెచ్‌వీలో నాయిస్, అంటే రాడార్ యంత్రం సొంత రొద, పట్టీ పట్టీకీ ఒక్కో స్థాయిలో ఉంటుంది, ఆ అతుకుల మీద పడ్డ చుక్కలవి. నాయిస్ తీసేసే మెట్టు నేను పెట్టాను, కాకపోతే క్యాలిబ్రేషన్, అంటే చిత్రంలోని అంకెల్ని అసలు మెరుపు కొలతకి మార్చడం, అయ్యాక పెట్టాను. ముందు పెట్టాలి. ఇది సిగ్గుపడాల్సిన తప్పే, రాస్తున్నాను.

ఇంకో తప్పు వైశాల్యాల్లో. మొదటిసారి అక్షాంశ రేఖాంశాల మీదే కొలిచాను. శ్రీకాకుళం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం అంటే దాదాపు 106 కిలోమీటర్లు. 69 డిగ్రీల దక్షిణాన అదే డిగ్రీ 40 కిలోమీటర్లే. మన తీరంలో అలవాటైన చేతితో అక్కడ గీస్తే గుండ్రటి మంచుకొండ దోసకాయలా సాగుతుంది. ధ్రువాల ప్రొజెక్షన్‌కి, అంటే గుండ్రటి భూమిని ఆ ప్రాంతానికి సరిపడేలా మ్యాపు మీద పరిచే లెక్కకి, మార్చాక కుదురుకుంది.

మూడోది ఒడ్డు గీత. నేలని తప్పించడానికి వాడిన తీరరేఖ ఫైలు పాతది. డి28 విరగకముందుది. నేల విషయంలో పాతదైనా నడుస్తుందేమో కానీ అమెరీ అంచు నేల కాదు. దాని నడిమి భాగం ఏడాదికి కిలోమీటరు పైనే ముందుకు జరుగుతుంది, ఎప్పుడో ఒకసారి విరిగి వెనక్కి పోతుంది. కళింగపట్నం దగ్గర వంశధార మొగ ఒక ఏడాది ఉన్నచోట ఇంకో ఏడాది ఉండదని చిన్నప్పటి నుంచి చూస్తూ కూడా, అక్కడికి పాత గీత వాడేశాను. ఆ గీతని చిత్రం చూస్తూ చేత్తోనే మళ్ళీ గీశాను. రెండు రోజుల పని.

ఇవన్నీ దిద్దాక మ్యాపు శుభ్రంగా, చూడముచ్చటగా వచ్చింది. నాకు నచ్చింది కూడా. దాన్నే పంపేసి ఉండేవాణ్ణి.

మావయ్య బోటు

పంపే ముందు పద్ధతిని ఇంటి దగ్గర ఒకసారి చూసుకుందామనిపించింది. మంచుకొండ మీదికి పోయి నిజం చూసుకోలేం. మన సముద్రంలో అయితే అడగడానికి మనుషులున్నారు. మా మావయ్యకి కళింగపట్నం దగ్గర ఫైబర్ బోటు ఉంది, వెనక చిన్న ఇంజను. సెంటినెల్-1 మన తీరం మీదుగా పొద్దున్న ఆరు గంటల ప్రాంతంలో వెళ్తుంది. వేటకి పోయిన బోట్లు అప్పుడు నీళ్ళ మీదే ఉంటాయి. ఇక్కడ మోడ్ వేరు, పిక్సెల్ 10 మీటర్లు, అంటే అంటార్కిటికా కంటే సులువు పరీక్ష.

రెండు రకాల రోజులు తీసుకున్నాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఇంజను బోట్లన్నీ ఒడ్డెక్కి ఉంటాయి. ఆ రోజుల్లో ఒడ్డు పక్క నీళ్ళలో చుక్క పడితే అది చాలావరకు తప్పు చుక్కే. ఇలాంటి ఖాళీ సముద్రం పరీక్షకి దొరకడం అదృష్టం, అంటార్కిటికాలో ఎవరూ నిషేధం పెట్టరు కదా. ఆ చిత్రాల మీద నా పద్ధతి బాగానే పాసైంది. తప్పు చుక్కలు తక్కువ.

నిషేధం ఎత్తేశాక ఒక రోజు చిత్రం తెరిచాను. ఒడ్డు పక్క ఏమీ లేదు. దూరంగా పెద్ద ఓడలు రెండు దీపాల్లా మెరుస్తున్నాయి, అంతే. మావయ్యకి ఫోన్ చేశాను.

"ఆవేళ పొద్దున్న వేటకి ఎల్లలేదేటి మావయ్యా?"

"ఎల్లకేటి అల్లుడూ. ఆరు గంటలకి వలేసి కూకున్నాం. మా చుట్టూ ఇంకో ఏడెనిమిది బోట్లున్నాయి."

"చిత్రంలో ఒక్కటీ లేదు."

"నీ శాటిలైటుకి కళ్ళు కనపడవేటి?"

ఫోన్‌లో లొకేషన్ పంపాడు. ఆ చోట చిత్రాన్ని ఎంత పెద్దది చేసి చూసినా చుట్టూ నీళ్ళకీ దానికీ తేడా లేదు. కారణం తెలిసిందే. ఫైబర్ రాడార్ తరంగాన్ని పెద్దగా వెనక్కి పంపదు, బోటు నీళ్ళకి దగ్గరగా ఉంటుంది, ఆ పొద్దున్న గాలి కూడా ఉంది. కారణం తెలియడం వేరు, నా మ్యాపులో మావయ్య లేకపోవడం వేరు. నేను తప్పు చుక్కల గురించే ఇన్ని రోజులు టెన్షన్ పడ్డాను. పడని చుక్కల గురించి ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. పడని చుక్క మ్యాపు మీద ఏ గుర్తూ వదలదు, అందుకే దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయరు.

జనవరిలో మాయమైనది

అప్పుడు ప్రిడ్జ్ బే చిత్రాలన్నీ తేదీల వరసలో పేర్చి మళ్ళీ చూశాను. ఆ అఖాతం ముంగిట ఫోర్ లేడీస్ బ్యాంక్ అని నీటి అడుగున ఒక మెరక ఉంది. మంచుకొండలో చాలా భాగం నీళ్ళ కిందే ఉంటుంది, పైకి తేలేది దాదాపు పదో వంతు. కాబట్టి పెద్దవి మెరక మీదికి రాగానే అడుగు తగిలి కూర్చుండిపోతాయి. ఇవి నాకు మైలురాళ్ళలాంటివి. కదలవు కాబట్టి ప్రతి చిత్రంలోనూ అదే చోట ఉండాలి.

నవంబరులో ఉన్నాయి. డిసెంబరులో ఉన్నాయి. జనవరి మధ్యలో ఒక చిత్రంలో కొన్ని లేవు. మార్చిలో మళ్ళీ అవే చోట్ల ఉన్నాయి. మంచుకొండ సెలవు మీద పోయి రాదు కదా.

ఆ చిత్రాన్ని చుక్కలు తీసేసి ఉత్త కళ్ళతో చూస్తే అప్పుడు తెలిసింది. అవి అక్కడే ఉన్నాయి, నల్లగా. నడివేసవిలో ఎండకి పై మంచు తడిసింది. తడి మంచు రాడార్‌ని మింగేస్తుంది, లోపలికి దిగనివ్వదు, వెనక్కీ పంపదు. చేపల రేవులో ఐసు దిమ్మ మీద నీళ్ళు కారడం మొదలయ్యాక చేతికి తగిలేది ఐసు కాదు నీళ్ళే అన్నట్టు, రాడార్‌కీ తగిలేది ఆ తడే. చుట్టూ గాలికి సముద్రం గరుకై కాస్త మెరుస్తుంటే ఇవి దాని మధ్య నల్లటి మచ్చలు. నా పద్ధతి వెతికేది తెల్లవాటిని మాత్రమే. ఒకటి రెండు రోజుల తేడాతో అమెరికా వాళ్ళ ల్యాండ్‌శాట్-8 ఉపగ్రహం తీసిన మబ్బులేని మామూలు ఫొటో దొరికింది, అందులో 15 మీటర్ల పిక్సెల్. మచ్చ ఉన్న ప్రతిచోటా మంచుకొండ తెల్లగా నీడతో సహా ఉంది.

అంటే ఓడలు ఎక్కువగా తిరిగే నెలలోనే నా మ్యాపు మంచుకొండల్ని తక్కువ చేసి చూపిస్తోంది. మొదటి మ్యాపులో జనవరి నీళ్ళు అన్నింటికంటే ఖాళీగా, అందంగా ఉన్నాయి. నాకు నచ్చిందని చెప్పాను కదా, అదే.

ఆ తర్వాత ఖాళీ ఎన్ని రకాలో రాసుకున్నాను. చూశాం, చూడగలిగాం, లేదు: ఇది నిజమైన ఖాళీ. చూశాం కానీ ఉన్నా కనపడేది కాదు: గాలి ఎక్కువ, పై మంచు తడి, లేదా చుట్టూ ఒత్తుకుపోయిన సముద్రపు మంచు. అసలు ఆ తేదీన ఉపగ్రహం ఆ వైపే రాలేదు: ఇది మూడోది. నా మొదటి మ్యాపులో మూడూ ఒకే తెలుపు.

గాలికి ఈఆర్ఏ5 అనే వాతావరణ డేటా తీసుకున్నాను, అది గంట గంటకీ దొరుకుతుంది. సెకనుకు 10 మీటర్లు దాటిన చోటంతా బూడిద రంగు వేశాను. ఈ 10 నా అంచనాయే, 9 అన్నా 11 అన్నా నేను పోట్లాడను. తడికి మెరక మీద కూర్చున్న మంచుకొండలే కొలబద్ద. అవి వెలవెలబోయిన తేదీన ఆ చుట్టుపక్కలంతా బూడిదే, కాకపోతే నల్ల మచ్చల్ని కూడా వెతికే రెండో రన్ పెట్టాను. గాలి బొత్తిగా లేని రోజు నల్ల నీళ్ళలో నల్ల మచ్చ కనపడదు, అక్కడ ఏమీ చేయలేం. గడ్డకట్టిన సముద్రపు మంచులో గుట్టలు గుట్టలుగా లేచిన అంచులు మంచుకొండల్లాగే మెరుస్తాయి, వాటికి రెండు మూడు తేదీలు పోల్చి చూడటమే దారి.

లెక్క కట్టే తీరు కూడా మారింది. ఉదాహరణకి 20 కిలోమీటర్ల గడి అనుకోండి, 400 చదరపు కిలోమీటర్లు. అందులో 5 చుక్కలున్నాయి. గడిలో పావు భాగమే ఆ రోజు చూడగలిగిన నీళ్ళయితే, ఆ 5 వచ్చినది 100 చదరపు కిలోమీటర్లలో. 400తో భాగిస్తే దట్టాన్ని నాలుగో వంతుకి దించేసినట్టే. చూడగలిగిన నీళ్ళతోనే భాగించాను. పావు కంటే తక్కువ చూసిన గడికి అంకె ఇవ్వనే లేదు.

పెద్దవాటి దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. బల్లపరుపుగా కిలోమీటర్ల కొద్దీ ఉన్న మంచుకొండ ఆ కిటికీ కంటే పెద్దది. దాని నడిమి భాగాన్ని పద్ధతి సముద్రం అనుకుంటుంది, అంచులు మాత్రం పట్టుకుంటుంది. ఒక పెద్దది పది చిన్నవిగా లెక్కకొస్తుంది. ఇది ఉత్త సంఖ్య సమస్య కాదు. మంచుకొండల్లో చిన్నవి బోలెడు, పెద్దవి బహు తక్కువ, కానీ మంచు బరువులో ఎక్కువ భాగం ఆ కొద్దిపాటి పెద్దవాటిలోనే ఉంటుంది. పెద్దదాన్ని ముక్కలు చేస్తే రెండు వైపులా లెక్క చెడుతుంది. పెద్దవాటిని చేత్తో గీశాను. ఇందులో మెషిన్ లెర్నింగ్ ఎందుకు వాడలేదని ఒకాయన అడిగాడు. పాతిక ముప్పై గీతలకి మనిషి చెయ్యి చాలు.

చివరిగా కింది హద్దు. కనీసం 3 పిక్సెళ్ళు కలిసి ఉంటేనే చుక్కగా తీసుకున్నాను. ఒక పిక్సెల్ 1,600 చదరపు మీటర్లు, మూడు 4,800. చతురస్రం అనుకుంటే పక్కకి దాదాపు 70 మీటర్లు. అంతర్జాతీయ లెక్కలో 15 నుంచి 60 మీటర్ల పొడవున్నవాటిని చిన్న మంచుకొండలంటారు. 5 మీటర్ల లోపు ముక్కలకి వేరే పేరుంది, గ్రౌలర్లు. ఇవేవీ నా మ్యాపులో ఉండే అవకాశమే లేదు. ఓడ పొట్ట చీల్చడానికి మాత్రం ఇవి చాలు. 1912లో టైటానిక్ మునిగాక ఉత్తర అట్లాంటిక్‌లో మంచుకొండల గస్తీ పెట్టారు. అక్కడ ఇప్పటికీ విమానాలు కూడా తిరుగుతున్నాయంటే శాటిలైట్ చిత్రం ఒక్కదానితో సరిపోదనే. నా మ్యాపు మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో రాశాను: 70 మీటర్ల లోపు మంచుకొండలు ఇందులో లేవు, ఓడ నడపడానికి దీన్ని వాడొద్దు.

కంపెనీతో

బూడిద రంగు మ్యాపు చూసి వాళ్ళు ముఖం చిట్లించారు. జనవరి పేజీలో దాదాపు సగం బూడిదే మరి. "పాత వెర్షన్ నీట్‌గా ఉంది కదా, అదే ఫైనల్ చేయండి" అని మెయిల్. నేను జనవరిలో మాయమై మార్చిలో తిరిగొచ్చిన ఒక మంచుకొండ చిత్రాలు నాలుగు, తేదీలతో, పక్కన ల్యాండ్‌శాట్ ఫొటోతో కలిపి ఒక్క పేజీ పంపాను. మాటల్లో ఏమీ వాదించలేదు. నాలుగు రోజులు జవాబు లేదు. తర్వాత బూడిదని విడి లేయరుగా ఇమ్మన్నారు, కావలసినవాళ్ళు ఆపుకోవచ్చని. ఫైలు తెరవగానే అది ఆన్‌లో ఉండాలన్న షరతు మీద ఒప్పుకున్నాను. అదనంగా పట్టిన మూడు వారాలకి మాత్రం డబ్బు రాలేదు, అది నా తప్పు కింద రాసుకున్నారు. కొంత నిజమే.

మళ్ళీ చేస్తే నవంబరు నుంచి మొదలుపెట్టను. కష్టమైన జనవరి చిత్రంతోనే మొదలుపెడతాను. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నాసా, ఇస్రోల ఉమ్మడి ఉపగ్రహం నిసార్‌లో తరంగం పొడవు ఇంచుమించు 24 సెంటీమీటర్ల రాడార్ ఒకటి, 10 సెంటీమీటర్లది మనవాళ్ళు చేసినది ఇంకొకటి ఉన్నాయి. పొడవైన తరంగానికి ఆ తడి మంచు ఎలా కనపడుతుందో అవే మెరక మంచుకొండల మీద చూడాలని ఉంది.

మావయ్య సంగతి అక్కడితో ఆగలేదు. రాడార్‌కి కనపడాలంటే ఏం చేయాలని అడిగాడు. మూడు రేకులు ఒకదానికొకటి నిలువుగా, గది మూలలాగా కలిపితే, ఆ మూల లోపలికి ఏ వైపు నుంచి తరంగం వచ్చినా అటే తిప్పి కొడుతుందని చెప్పాను. అర మీటరు రేకులతో అలాంటి మూలలు నాలుగు పక్కలా వచ్చేలా చేయించి, కర్రకి కట్టి బోటులో నిలబెట్టాడు. తర్వాతి చిత్రంలో చుక్క పడింది. లొకేషన్‌కి వంద మీటర్ల పైచిలుకు పక్కన పడింది, ఎందుకంటే బోటు కదులుతుంటే రాడార్ దాన్ని జరిపి చూపిస్తుంది. ఉపగ్రహం వైపు సెకనుకు ఒక మీటరు వేగంతో కదిలినా దాదాపు 110 మీటర్లు జరుగుతుంది. "నానేమో ఇక్కడ, నువ్వేమో అక్కడ సూపిత్తన్నావు" అని నవ్వాడు.

ఆ రేకులు ఇప్పటికీ విప్పలేదు. రాత్రిపూట పెద్ద ఓడల రాడార్లకైనా కనపడతాను కదా అంటాడు.